కంచర్ల గోపన్న: ఒప్పజెప్పని లెక్క

నియోగి శాఖయందు జన్మించి తెలుగుదేశమంతట పూజనీయుడైన కంచర్ల గోపన్నను గూర్చి యీ సంచికకు వ్రాయవలసినదని మిత్రులు కోరినపుడు మేము కొంత సంశయించితిమి. రామదాసు కథ నెరుగని తెలుగువాడు లేడు. హరికథలలో వింటిమి, నాటకములలో గంటిమి, 1964లో చిత్తూరు నాగయ్యగారు తీసిన చలనచిత్రమునను, 2006లో వచ్చిన మరియొక చిత్రమునను జూచితిమి. తెలిసిన కథనే తిరిగి చెప్పుటవలన నేమి లాభము? ఐనను ఆ కథలో నొక్క విషయమును మాత్రము మన సభలలో నెవ్వరును నిలిచి మాటాడరు. అది సొమ్ము విషయము.

మన కుటుంబములు తరతరములుగా కరణికము చేసినవి. లెక్క తప్పక వ్రాయుట, సర్కారు పైకమును సర్కారునకు ముట్టజెప్పుట మన పెద్దలు పరువుగా నెంచుకొన్న పనులు. అట్టి వృత్తియందున్న వాడొకడు వసూలు చేసిన శిస్తును ఖజానాకు బంపక గుడికి వెచ్చించి, అందులకై చెరసాలకు బోయెను. ఆయన చిత్రపటమునకు దండవేయునపుడు మనము సంతోషింతుము. మన పిల్లవాడే యుద్యోగములో నట్టి పని చేసినచో మాత్రము తలయెత్తుకొనజాలము. ఈ రెంటిని నొకచోట జేర్చి చూడవలయునని మా కోరిక.

ఖమ్మమునకు దక్షిణముగా నిరువది కిలోమీటర్ల దూరమునగల నేలకొండపల్లి గోపన్న జన్మస్థలము. అది మిక్కిలి పాత యూరు. బౌద్ధుల కాలపు మహాస్తూప మొకటి యచ్చట నేటికిని గలదు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ, గోత్రము ఆత్రేయస. జననము సుమారు 1620వ సంవత్సరమని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ లెక్క నిజమైనచో, తానీషా సింహాసన మెక్కిన 1672 నాటికే గోపన్నకు ఏబది రెండేండ్లు. అనగా చెరసాలకు బోయినవాడు చలనచిత్రములలో మనము చూచెడి యువకుడు గాడు, నెరసిన తల వాడు. ఈ చిన్న విషయమును మనసున నుంచుకొన్నచో తక్కిన కథ మరియొక విధముగా వినబడును.

రఘునాథ భట్టాచార్యులను గురువు నాశ్రయించి ఆయన రామభక్తి నేర్చెనని పెద్దల మాట. కబీరుదాసు స్వయముగా వచ్చి రామతారక మంత్ర ముపదేశించెనను కథయు నున్నది. కబీరు గోపన్నకు నూరేండ్లకు పైగా ముందటివాడు గావున కాలము సరిపడదు. ఐనను ఆ కథను మేము తీసివేయజాలము. తెలుగు బ్రాహ్మణునకు రామమంత్రము ఒక మహమ్మదీయ సాలెవాని నోట వచ్చినట్లు మన జనులే కథ కట్టుకొని మూడు వందల యేండ్లు చెప్పుకొనుచుండిరనిన, రామదాసు వారికెట్టివాడుగా దోచెనో తెలియుచున్నది.

గోలకొండ రాజ్యమున శిస్తు వసూలు చేసెడి పద్ధతి నిచ్చట కొంచెము చెప్పవలెను. ఆ పద్ధతి దెలియనిదే గోపన్న నేరమెట్టిదో తెలియదు. అక్కడ పరగణాలను చాలభాగము ఇజారాకిచ్చెడివారు. ఇంత మొత్తము చెల్లించెదనని యొప్పుకొన్నవాడే యధికారి. పంట పండినను ఎండినను ఆ మొత్తము వాయిదాల ప్రకారము ఖజానాకు జేరవలసినదే, తక్కువ పడినది వాని తలమీది యప్పు. బందరులో వర్తకము చేసిన యూరపు దేశస్థులు, బాకీపడిన యధికారులను బెత్తములతో గొట్టించెడి యాచారమును గూర్చి వ్రాసియుంచిరి. కావున గోపన్నకు గలిగిన శిక్ష, మతద్వేషముచే నొక తురుష్క ప్రభువు భక్తుని బాధించుట యని కొందరు చెప్పెడి మాట నిలువదు. హిందువైనను మహమ్మదీయుడైనను, పైకము కట్టనివానికి ఆ రాజ్యమున జరిగినదే యీయనకును జరిగినది.

పైగా ఆనాడు గోలకొండ ప్రభుత్వమును నడిపినవారెవరు? హనుమకొండకు జెందిన అక్కన్న మాదన్నలు. మాదన్న ప్రధానమంత్రి, అక్కన్న ఆయనకు కుడిభుజము. వీరి కాలమున శిస్తు కొలువులలో బ్రాహ్మణు లధికముగా నియమింపబడిరి. గోపన్న వారికి మేనల్లుడనియు, వారి ప్రాపకముననే పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెననియు నానుడి.

పాల్వంచ పరగణా యనగా నేటి రహదారులను, విద్యుత్కేంద్రములను తలచుకొనరాదు. అది గోదావరి కిరుగడల దట్టమైన యడవి. కోయలు పోడు కొట్టుకొని జొన్నలు చల్లుకొనుచు, ఇప్పపువ్వును తాటిపండును దిని కరవు దాటించుకొనుచు నుండెడి సీమ. అచ్చటి పల్లెలనుండి శిస్తు రాబట్టుట యెంత కష్టమో, ఆ వచ్చిన ప్రతి వరహా వెనుక నెంత చెమట యుండునో కరణికము తెలిసినవారికి మేము చెప్పనక్కరలేదు.

ఆ సీమలో నది యుత్తరపు గట్టున భద్రగిరి. మేరువు కుమారుడైన భద్రుడు తపస్సు చేసి కొండయయ్యెనని స్థలపురాణము. గోపన్న వచ్చునప్పటికి అచ్చట గోపురము లేదు, ప్రాకారము లేదు. పోకల దమ్మక్క యను కోయ స్త్రీ పుట్టలో విగ్రహములను గనుగొని, తాటాకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యము పెట్టుచు కొలుచుచుండెనట. ఆ మూర్తి లోకములో నితర రామాలయములందు గనబడునట్టిది కాదు. నాలుగు చేతులు, శంఖచక్రములు తారుమారు, ఎడమ తొడపై సీత. వైకుంఠరాముడని యందుకే పేరు. శాస్త్రము చదివిన మనవారికంటె ముందుగా ఆ స్వామిని గుర్తించి యాకలి దీర్చినది అక్షరము రాని యొక అడవి స్త్రీ. మన శాఖాభిమానమును జెప్పుకొనెడి యీ సంచికలో ఆమె పేరును గోపన్న పేరునకు ముందుగా వ్రాయుట న్యాయమని మాకు దోచినది గాని, శీర్షిక యప్పటికే నిర్ణయింపబడెను.

దమ్మక్క పందిరిని జూచి గోపన్న మనసు కరగెను. తరువాత నేమి జరిగినదో రెండు విధములుగా జెప్పుదురు. ప్రజలే సంతోషముతో పంటలో భాగమిచ్చి గుడి కట్టుమనిరి, పైకము చాలక శిస్తు సొమ్ము గలిపెనని యొక మాట. ముందు కట్టించి పిదప పాదుషాకు విన్నవింపవచ్చునని తలచెనని రెండవ మాట. మొత్తము ఆరు లక్షలు. అవి వరహాలని కొందరు, మొహరీలని కొందరు. ఏ నాణెమైనను ఆ యడవి పరగణాకు మోయరాని మొత్తము. ఆలయము, ప్రాకారము, మండపములు లేచెను. దేవునికి, అమ్మవారికి, తమ్ములకు నగలు చేయించెను.

ఈ సొమ్మెవరిది? తానీషాది యని ఖజానావా రందురు. రామునిది యని భక్తు లందురు. మేము కరణపు బుద్ధితో నాలోచించినపుడు అది మొదట రైతుది, కోయది. వారు గుడికై యిష్టముతో నిచ్చిన భాగముపై నాక్షేపణ లేదు. శిస్తుగా నిచ్చినదానిని గుడిగా మార్చుటకు గోపన్నకు అధికారము లేదు. ఈ మాట వ్రాయుటకు మాకు చేయి వణకలేదు గాని, అచ్చులో జూచి కొందరు పెద్దలు నొచ్చుకొందురని యెరుగుదుము.

రాజాజ్ఞచే గోపన్నను గోలకొండకు గొనిపోయి చెరబెట్టిరి. పండ్రెండేండ్లని సంప్రదాయము. తానీషా యేలినది 1672 మొదలు 1687 వరకు పదునైదేండ్లు మాత్రమే గావున, ఆ యేలుబడిలో నెక్కువ భాగము గోపన్న చీకటిలోనే గడపెనని చెప్పవలసియున్నది. కోటలో రామదాసు బందిఖానా యని చూపెడి గదిని మేమొకసారి చూచితిమి. అది మొదట ధాన్యము నిలువజేసెడి కొట్టని చెప్పుదురు. ఎత్తైన గోడలు, వెలుతురు స్వల్పము. రాతిపై సీతారామలక్ష్మణులును, ఆంజనేయుడును మలచబడియున్నారు. శిల్పి చేతి నునుపు వానిలో లేదు. చూడవచ్చినవారు పసుపు కుంకుమలు పూసి పూసి రూపములనే మాపుచున్నారు.

ఇచ్చట నొక ప్రశ్న గలదు. రాజ్యమును నడపుచున్న మేనమామ లిద్దరును బ్రదికియుండగా మేనల్లుడు పండ్రెండేండ్లు చెరలో నేల మ్రగ్గవలెను? కథలు చెప్పువారు దీనిని దాటవేయుదురు. మా యూహ యిది. మాదన్న బలమంతయు ఖజానా నింపుటయందే యున్నది. ఒక వైపున ఔరంగజేబునకు కట్టవలసిన పేష్కషు, మరియొక వైపున బ్రాహ్మణ మంత్రుల నోర్వలేని యమీరులు. తన వానినొకనిని లెక్కలేకుండ విడిపించిన మరునాడే ఆయన శత్రువులకు కావలసిన యాయుధము చేతికి దొరకును. కావున బంధుత్వము నోరుమూసికొనెను. మన కుటుంబములలో పెద్ద యుద్యోగములు చేసినవారి యిండ్లలో నిట్టి మౌనము లిప్పటికిని గలవు.

చెరసాలలో గోపన్న చేసినది పాడుట. ఆ కీర్తనలు నూటికి పైగా నేటికిని నిలిచియున్నవి. దాశరథీ శతకమును ఆయన కృతియే. వానిలో పండితులకై వ్రాసిన కీర్తనలు తక్కువ. ఇంటిలో మాటాడుకొనెడి తెలుగు, వీథిలో తగవులాడుకొనెడి తెలుగు. మొదట బ్రతిమాలెను. పిదప సీతమ్మను మధ్యవర్తిగా నిలిపి, ఏకాంతమున స్వామితో తన సంగతి చెప్పుమని వేడెను. అప్పటికిని పలుకు లేకపోగా కోపించెను. ఆ కోపపు పాటయే మా దృష్టిలో నాయన కృతులకు శిఖరము. అందులో నాయన స్వామికి జేయించిన నగలను, సీతమ్మకు, తమ్ములకు జేయించిన నగలను ఒక్కొక్కటిగా నెత్తి, దేనికెంత పట్టినదో చెప్పి, ఇంతయు దిని యెవరబ్బ సొమ్మని తిరుగుచున్నావని స్వామినే నిలదీసెను. మరునిమిషమున దెబ్బల బాధచే తిట్టితినని, మన్నింపుమని కాళ్లపై బడెను.

ఆ పాటను మనవారు భక్తుని యలుక యని విందురు. మేము వినునపుడెల్ల మా చెవికి కరణము దస్త్రము చదువుచున్నట్లు తోచును. ఖజానాకు ఒప్పజెప్పని లెక్కను ఆయన రామునికి ఒప్పజెప్పెను, బాబతు వెంట బాబతు, పైకము వెంట పైకము, దాపరిక మేమియు లేక. తాను దినలేదనియు, తన యింటికి గొనిపోలేదనియు చెప్పుట కంతకంటె మంచి జమాఖర్చు లేదు. నేరమును గాదనలేదు. శిక్షను దప్పించుకొనుటకు పారిపోలేదు, మేనమామల పేరు చెప్పి బెదిరించినట్లు కథలలోనైనను లేదు. గోపన్నను మేము క్షమించునది, పూజించునది యిచ్చటనే.

విడుదల కథ యందరెరిగినదే. రామోజీ లక్ష్మోజీ యను ఇద్దరు బంట్లు నడిరాత్రి తానీషా పడకటింటికి వచ్చి ఆరు లక్షలను రామమాడలుగా గుమ్మరించి చెల్లుచీటి పుచ్చుకొనిరి. ఆ చీటిని చెరలోని గోపన్న తలక్రింద నుంచి మాయమైరి. తెల్లవారి సంగతి దెలిసినపుడు పాదుషా పరుగున వచ్చి విడిపించెను. తమ దర్శనము తనకు గాక తానీషాకు గలిగెనని గోపన్న విలపించెనట. బాల్యమున నొక చిలుకను పంజరమున బంధించిన పాపమునకు గోపన్నకు పండ్రెండేండ్ల చెర ప్రాప్తించెనని మరియొక కథ. దేవుడు వచ్చినను చెల్లుచీటి లేక కదలలేదనుట, చిలుకను బంధించినవానిని గూడ లెక్క వదలలేదనుట, ఈ రెండును లెక్కల కథలే. జనులు మన గోపన్నను మనకంటె బాగుగా నర్థము చేసికొనిరి.

తానీషాయు నిచ్చట కసాయి గాడు. రాజగుటకు ముందు షా రాజు అను సూఫీ గురువు సన్నిధిని పెక్కేండ్లు గడపినవాడు. భద్రాచలమున శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలను బంపెడి యాచారము ఆయనతో మొదలైనదని చెప్పుదురు. కుతుబుషాహీలు పోయి నిజాములు వచ్చిరి, వారును బోయిరి. నేడు తెలంగాణ ప్రభుత్వము పక్షమున తలంబ్రాలు వచ్చుచున్నవి. పంపెడి వారు మారిరి గాని పంపుట మానలేదు.

గోలకొండ కథ వేగముగా ముగిసెను. 1686లో అక్కన్న మాదన్నలను కోటవీథిలో నరికిరి. 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట లోపలివాడొకడు తలుపు తీయగా ఔరంగజేబు సేన చొచ్చెను. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించిరి, ఆయన యచ్చటనే 1699లో మరణించెను. ఎంచి చూచిన నదియు నించుమించు పండ్రెండేండ్లే. గోపన్నను బంధించిన ప్రభువునకు బాకీ తీర్చి విడిపించుటకు రామోజీ లక్ష్మోజీలు రాలేదు.

విడుదలయైన గోపన్న భద్రాచలము జేరి స్వామిసేవలోనే కడతేరెను. ఆ తుది దినములను గూర్చి చెప్పదగినది స్వల్పము.

ఆయన మఠము స్థాపింపలేదు. పీఠమునకు వారసుని నియమింపలేదు. ప్రత్యేక చిహ్నము గాని, దీక్ష గాని, శిష్యుల పట్టిక గాని లేదు. మతములు నెలకొల్పినవారి చరిత్రలు చదివినవారి కిది వింతగా దోచును. ఐనను ఆయన వెనుక నొక త్రోవ యేర్పడెను, దానికి పేరు రామభజన. తాళములు, మృదంగము, ఒక దీపము, పటము. ఇంతమాత్రముండిన జాలును. పురోహితుడు లేకున్నను, మంత్రము రాకున్నను, ఏ జాతివాడైనను కూర్చుండి పాడవచ్చును. తెలుగు పల్లెలలో రామమందిరము లేని యూరు అరుదు. వానిలో ననేకము నేటికిని దేవాలయములకంటె భజన యిండ్లుగానే యున్నవి. ఆరు లక్షలు పెట్టి గుడి కట్టించినవాడే, గుడి యక్కరలేని భక్తిని చెరసాలనుండి యూరూరికి బంపెను. ఇది యాయన కోరి చేసిన పనియని మేమనము. చెరలో ఆయనవద్ద గొంతు తప్ప వేరొండు లేదు.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల కొండపై భద్రముగా నుండి, ఇరువదవ శతాబ్దివరకు జనుల చెవిని బడకుండెను. రామదాసు పాటకు రాగిరేకు లేదు. బిచ్చగాని నోటను, దంపుళ్ల పాటలోను, భజనగోష్ఠిలోను బ్రదికినది. పాఠములు మారినవి, రాగములు చెదరినవి. ఆ నష్టమును పండితులు లెక్కించుచుందురు గాని, పాట మాత్రము మాయలేదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున గుంటూరువాడైన తూము నరసింహదాసు, కంచినుండి వచ్చిన వరద రామదాసుతో గూడి భద్రాచలమున సేవలను, ఉత్సవములను తిరిగి క్రమపరచెను. అదే కాలమున కావేరి తీరమున త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును తలచి తలచి మ్రొక్కెను. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమున ఆ కీర్తనలు కచ్చేరి వేదికల కెక్కెను.

గుడి మాత్రము రాజ్యముల సరిహద్దులలో నలిగెను. 1860లో నిజాము గోదావరి కుత్తరమునగల భద్రాచలము తాలూకాను ఇంగ్లీషువారికిచ్చెను. మొదట మధ్యపరగణాలలోను, 1874 నుండి మదరాసు ఆధిపత్యములోను ఉండెను. నది కీవలి నేలకొండపల్లి, పాల్వంచలు నిజాము రాజ్యములోనే నిలిచెను. భక్తుడు పుట్టిన యూరొక ప్రభుత్వము క్రింద, కట్టిన గుడి మరియొక ప్రభుత్వము క్రింద. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో జేరిన పిమ్మట రెండు నొకచోటికి వచ్చెను. 2014లో రాష్ట్రవిభజన సమయమున గుడి చుట్టునున్న పల్లెలు ఆంధ్రప్రదేశమునకు బోయి, భద్రాచలపు బస్తీ తెలంగాణలో మిగిలెను. 2016 నుండి జిల్లా పేరే భద్రాద్రి కొత్తగూడెము. స్వామి కొండమీదనుండి చూచిన సరిహద్దు కానవచ్చునంత దగ్గర.

నేలకొండపల్లిలో గోపన్న యిల్లుండిన చోట ఆయన పేర ధ్యానమందిరము గలదు. ఖమ్మములో ఆయన పేర కళాక్షేత్రము గలదు. వీనికంటె మాకు మిక్కిలి యింపైనది వేరొకటి. పాలేరు ప్రాంతపు మెట్టభూములకు నీరెత్తిపోయుటకు ప్రభుత్వము నిర్మించి 2017లో ప్రారంభించిన పథకమునకు భక్తరామదాసు పేరు పెట్టిరి. ఆ పేరు నిర్ణయించినవారు పాత బాకీని తలచిరో లేదో మే మెరుగము. శిస్తు కట్టిన రైతు చేనికి సర్కారు సొమ్ముతో నీరు వచ్చుచున్నది, కాలువ మీది పలకపై బాకీదారుని పేరున్నది.

భద్రాచలమునకు బోయెడి సోదరులు స్వామి దర్శనము చేసికొని తిరిగి వచ్చునపుడు, దమ్మక్క పేరెక్కడ గనబడునో యడిగి తెలిసికొని యచ్చట నొక్క నిమిషము నిలువ వేడుచున్నాము. వేసవిలో బోయినచో గుడి వీథులలో కోయ స్త్రీలు తాటిముంజె లమ్ముచుందురు. బేరమాడకుడు.